గంటలపాలెం మలుపు

గంటలపాలెంలో ఎన్ని లోపాలున్నా, రోడ్డుకి మాత్రం వంక పెట్టడానికి లేదు. మాటవరసకి అనడం కాదు, నిజంగానే వంక లేదు. పాతకాలంలో ఎవరో ఇంజనీరు కాలవ తవ్వించి, ఆ మట్టితో గట్టు పోయించి, గట్టు మీద తాడు లాగి వేయించిన రోడ్డది. మూడు కిలోమీటర్లూ అలా తిన్నగా పోతుందంతే. ఈ చివర నిలబడితే ఆ చివర బస్సు దిగుతున్న చుట్టమెవరో తెలిసిపోతుంది. వాళ్ళు ఇల్లు చేరేలోపు కూర తరగాలో, తలుపులేసుకుని పడుకోవాలో తేల్చుకోవడానికి బోలెడంత టైముంటుంది. ఇంత సుఖమైన రోడ్డు ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు.

ఆ ఊరి పంచాయతీ కార్యదర్శి నాంచారయ్య. ముప్ఫై రెండేళ్ళ సర్వీసు, ఇంకో ఆరునెలల్లో రిటైరు. ఇన్నేళ్ళలో పైనుంచి వచ్చిన ఏ కాగితాన్నీ "ఎందుకు?" అని అడిగిన పాపాన పోలేదు. దోమల్ని లెక్కపెట్టమంటే వీధివారీగా లెక్కపెట్టి పంపాడు. నవ్వుతున్న గ్రామస్థుల జాబితా అడిగితే అదీ పంపాడు. అలాంటి మనిషికి ఒకనాడు ఈ ఉత్తర్వు వచ్చింది.

"దేశ రాజకీయ, సామాజిక చరిత్రను మలుపు తిప్పిన సంవత్సరమునకు స్వర్ణోత్సవములు జరుపుకొనుచున్న శుభతరుణమున, ప్రతి గ్రామ పంచాయతీయు తన పరిధిలోని మలుపును గుర్తించి, ఫలకము ప్రతిష్ఠించి, నిర్ణీత నమూనాలో నివేదిక సమర్పించవలెను."

యాభై ఏళ్ళ కిందట, ఆ ఏడాది దేశంలో ఏం జరిగిందన్నది ఉత్తర్వులో ఎక్కడా లేదు. "అందరికీ విదితమే" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. అందరికీ తెలుసని రాశాక నాకు తెలీదని ఎవడంటాడండీ? ఎవరూ అనలేదు.

అసలు తిరకాసు రాజధానిలోనే మొదలైంది. అక్కడ టపా విడదీసే ఉద్యోగి ఈ ఫైలు చూశాడు. "మలుపు" అనుంది. మలుపులుండేది రోడ్లకే కదా అని ఫైలుని రోడ్ల శాఖకి రాసేశాడు. రోడ్ల శాఖలో ప్రమాదకర మలుపుల నమూనా ఎప్పట్నించో సిద్ధంగా ఉంది. అందులో "ప్రమాదకర" కొట్టేసి "చారిత్రాత్మక" అని వేశారు. మిగతా కాలమ్‌లు ముట్టుకోలేదు. మలుపు కుడికా, ఎడమకా? మలుపుకి కారణం కొండా, చెరువా, కట్టడమా? ఏటా ఇక్కడ ఎంతమంది పడిపోతున్నారు? మలుపు ఫోటో జతపరచారా? అవన్నీ అలాగే ఊళ్ళకొచ్చాయి.

నాంచారయ్య బుద్ధిగా సైకిలేసుకుని మూడు కిలోమీటర్లూ తొక్కాడు. వచ్చి కంప్యూటర్లో "మలుపులు: సున్నా" అని కొట్టాడు. "సున్నా చెల్లదు" అంది కంప్యూటరు. ఇంకోసారి కొట్టాడు. అది ఇంకోసారి చెల్లదంది. మూడోసారికి మండలాఫీసు నుంచి మీటింగుకి రమ్మని కబురొచ్చింది.

మీటింగు పెట్టింది మలుపుల ప్రత్యేకాధికారి వైకుంఠప్రసాద్‌గారు. మెళ్ళో కండువా, చేతిలో మైకు. ఎదురుగా ఉన్నది ఇరవైమందే అయినా మైకు లేకుండా మాట్లాడే అలవాటు ఆయనకి లేదు.

"మిత్రులారా! కొండల్లో ఘాట్ రోడ్డున్న ఒక మండలం నూట పద్నాలుగు మలుపులతో రాష్ట్రంలోనే అత్యంత చారిత్రాత్మక మండలంగా నిలిచింది. పక్కనే ఉన్న కుంకుడుపాడు పంచాయతీ పద్నాలుగు మలుపులు చూపించింది. ఇక గంటలపాలెం... గంటలపాలెం ఎవరు?"

నాంచారయ్య లేచి చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, మా ఊళ్ళో మలుపు లేదండి."

"లేదా? మీకు కనిపించలేదా?"

"రోడ్డు తిన్నగా ఉందండి."

"ఎన్నాళ్ళుగా?"

"వేసినప్పట్నించీ అంతేనండి."

వైకుంఠప్రసాద్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే యావద్దేశం మలుపు తిరుగుతుంటే మీ గ్రామం మాత్రం తిన్నగా పోయిందన్నమాట. ఇది ఉద్దేశపూర్వకమా, ఉదాసీనతా? లిఖితపూర్వకంగా ఇవ్వండి."

వెనక వరసలోంచి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి లేచింది. "సార్, మలుపంటే రోడ్డు మలుపు కాదేమోనండి. ఆ ఏడాది జనం బతుకుల్లో వచ్చిన మార్పేమో..."

"మార్పుకి నమూనాలో కాలమ్ ఉందామ్మా?"

"లేదండి."

"కూర్చోండి."

ఆ పిల్ల కూర్చుంది. మీటింగు ముగిస్తూ అధికారిగారు ఒక్క మాట చెప్పారు. వారంలోగా మలుపు చూపించని పంచాయతీని చరిత్రరహిత గ్రామంగా పరిగణించి పక్క పంచాయతీలో విలీనం చేస్తారట. గంటలపాలెం పక్కనున్నది కుంకుడుపాడే.

ఈ మాట వినేసరికి సర్పంచి భుజంగరావుకి ఒళ్ళు మండిపోయింది. "కుంకుడుపాడులో కలవడమా? మా తాత ఈ ఊరికి మున్సబు. మా నాన్న సర్పంచి. ఇప్పుడు నేను పోయి ఆ కుంకుడుపాడు వాడి పక్కన వార్డు మెంబరుగా కూచోవాలా? నువ్వేం చేస్తావో నాకు తెలీదు నాంచారయ్యా. సాయంత్రానికి ఊళ్ళో మలుపుండాలి!"

పాపం నాంచారయ్య ఫోను పట్టుకుని రోడ్డున పడ్డాడు. నిలబడి తీశాడు, వంగి తీశాడు, తల పక్కకి వాల్చి తీశాడు. ఎలా తీసినా రోడ్డు తిన్నగానే వస్తోంది. ఎండకి కళ్ళు తిరిగి, రోడ్డు పక్కన సువార్తమ్మ ఇంటి అరుగు మీద కూలబడ్డాడు.

ఆ మూడు కిలోమీటర్లలో రోడ్డు మీదున్న ఇల్లు సువార్తమ్మది ఒక్కటే. ఎదురుగా కాలవ. వెనకా, అటూ ఇటూ అంతా భుజంగరావు నిమ్మతోట. మధ్యలో మూడు సెంట్లలో చిన్న పెంకుటిల్లు, ముందు చిక్కుడుపందిరి. సువార్తమ్మకి డెబ్బై రెండేళ్ళు. మొగుడు పోయి చాలా కాలమైంది, ఒక్కతే ఉంటుంది. అటుగా పోయే ఎవరికైనా మజ్జిగిస్తుంది, దాంతోపాటు చీవాట్లు కూడా పెడుతుంది.

"ఏంది బాబూ, రోడ్డుకి ఫోటోలు తీస్తన్నావు? సంబంధం చూస్తన్నావా దానికి?"

"నీకేం తల్లీ, నవ్వుతావు. వంకర రోడ్డు కావాలిట పైవాళ్ళకి."

"వాళ్ళకి కావాలంటే వాళ్ళనే వచ్చి వంచుకోమను. ముందు నువ్వు తాగు."

మజ్జిగ తాగుతూ నాంచారయ్య ఊరికే ఫోను ఎత్తాడు. చిక్కుడుపందిరి సందులోంచి, ఇంటి గోడ సగం అడ్డొచ్చేలా, కాస్త వాల్చి పట్టుకున్నాడు. ఓరి నాయనో! తెరమీద రోడ్డు ఇంటి చుట్టూ కుడివైపుకి వయ్యారంగా తిరిగిపోతోంది! గబుక్కున నొక్కాడు. అక్కడికక్కడే నమూనా నింపేశాడు. మలుపు: కుడికి. కారణం: కట్టడం. కట్టడం పేరు: సువార్తమ్మ ఇల్లు. ఏటా పడిపోయేవారు: ఒకరు. (కిందటి వానాకాలం ఆ అరుగు మీద నాచుకి జారి తనే పడ్డాడు. కాబట్టి అబద్ధం రాయలేదు.) భుజంగరావు కుంకుడుపాడుని తిట్టుకుంటూ, చూడకుండానే "ధ్రువీకరించడమైనది" అని సంతకం గీకేశాడు. కంప్యూటర్లో పచ్చ గుర్తు పడింది. నాంచారయ్య ఆ పూట కడుపునిండా తిన్నాడు.

పది రోజులు హాయిగా గడిచాయి. పదకొండోనాడు కబురొచ్చింది. ఫోటోలన్నిట్లోకీ గంటలపాలెం మలుపు ఉత్తమ మలుపుగా ఎంపికైంది. చిక్కుడుపూల నేపథ్యంలో చరిత్ర వంపు తిరిగిన తీరు అద్భుతమని పైన మెచ్చుకున్నారట. స్వయంగా మంత్రిగారే వచ్చి ఫలకం ఆవిష్కరిస్తారట. భుజంగరావు మీసం దువ్వుకున్నాడు. నాంచారయ్యకి మాత్రం గుండెల్లో రాయి పడింది.

మర్నాడే వైకుంఠప్రసాద్‌గారు ఇంజనీరు జోగారావుని వెంటేసుకుని తనిఖీకి దిగారు. ఈ చివర్నించి ఆ చివరికి కారులో వెళ్ళారు. ఆ చివర్నించి ఈ చివరికి వచ్చారు. డ్రైవరు స్టీరింగు తిప్పే అవసరమే పడలేదు.

"మలుపేదయ్యా?" అన్నారు వైకుంఠప్రసాద్‌గారు.

జోగారావు కాగితం చూసి, రోడ్డు చూసి, "రికార్డులో ఉంది సార్. రోడ్డులో లేదు" అన్నాడు.

"తప్పు ఎక్కడ జరిగింది?"

నాంచారయ్య ఇక దాచి లాభం లేదనుకుని ముందుకొచ్చాడు. "తప్పు నాదేనండి."

"మీదెలా అవుతుందయ్యా!" అని గద్దించారు అధికారిగారు. "మీరు నమూనా సక్రమంగా నింపారు. సర్పంచిగారు ధ్రువీకరించారు. పైవారు ఆమోదించారు. మూడంచెల్లోనూ లోపం లేదు. ఇక మిగిలిందేమిటి? రోడ్డు! వ్యవస్థ సక్రమంగా పనిచేసినప్పుడు తప్పు క్షేత్రంలో ఉన్నట్టు లెక్క. రోడ్డుని రికార్డు ప్రకారం సరిచేయండి."

జోగారావు టేపు తీశాడు. ఎడమవైపు వంచాలంటే కాలవ, నీటిపారుదల వాళ్ళు ఒప్పుకోరు. పైగా రికార్డులో కుడి అని ఉంది. కుడివైపు నిమ్మతోట, అది సర్పంచిగారి సొంతం. ఇక ఉన్నది మూడు సెంట్ల ఇల్లు. అది ప్రభుత్వం ఇచ్చిన పట్టా. ఇచ్చినవాళ్ళు తీసుకోవచ్చు.

"మూడు సెంట్లలో మలుపు పడుతుందా?" అనుమానంగా అడిగాడు జోగారావు.

"చరిత్రలో చిన్న మలుపు, పెద్ద మలుపు అని ఉండదయ్యా. ఇల్లు తీసేయండి. సదరు నివాసిని మానవతా దృక్పథంతో పేటలో పునరావాసం కల్పించి ఆదుకుంటాం."

ఆ నోటీసు తీసుకెళ్ళి సువార్తమ్మ చేతికివ్వాల్సింది ఎవరు? నాంచారయ్యే.

ఆవిడ అరుగు మీద చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. చదివి వినిపించమంది. నాంచారయ్య చదివాడు. "పేటలో పునరావాసం" అన్నచోట ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"పేటలోకా? మళ్ళీనా?"

పేట అంటే కాలవకి అవతల, ఊరికి దూరంగా, పల్లంలో ఉన్న గుడిసెలు. పుట్టిన కులాన్ని బట్టి అక్కడే ఉండాలని ఊరి పెద్దలు నిర్ణయించిన చోటు. సువార్తమ్మ పుట్టిందీ, కాపరానికొచ్చిందీ అక్కడే. లోపలికి వెళ్ళి బిస్కట్ల డబ్బా తెచ్చింది. అందులోంచి మడతలు పడి, పసుపుపచ్చగా మారిన కాగితం తీసి నాంచారయ్య ఒళ్ళో పెట్టింది.

"చూడు. అది నా పేరు. మా ఆయన పేరు కాదు, నా పేరే. అప్పుడు ఇరవై రెండేళ్ళు నాకు. అప్పటిదాకా మా పేటోళ్ళు ఈ రోడ్డెక్కాలంటే చెప్పులు చేత్తో పట్టుకునేవాళ్ళు, గొడుగు మూసేవాళ్ళు. ఆ ఏడు గవర్నమెంటోళ్ళు రోడ్డు మీద పట్టాలు ఇస్తామన్నారు. పదకొండుమందికి రాశారు. మున్సబుగారొచ్చి మా గుమ్మాల్లో నిలబడ్డాడు. ఇప్పుడే ఎందుకర్రా, నెమ్మదిగా ఎక్కుదురు గానీ అన్నాడు. పదిమంది ఆగిపోయారు. నేను ఆగలా. మా ఆయనా నేనూ నాలుగు వెదుళ్ళు మోసుకొచ్చి ఇక్కడ పాతాం. రెండుసార్లు పీకేశారు. మూడోసారి పాతి, చెప్పులేసుకుని ఇక్కడే కూచున్నా. తర్వాత్తర్వాత పేటోళ్ళందరూ చెప్పులేసుకునే ఎక్కారు రోడ్డు. పిల్లలు బడికి ఇట్టాగే పోయారు."

నాంచారయ్య కాగితం మీద తేదీ చూశాడు. లెక్క కట్టక్కర్లేదు. సరిగ్గా యాభై ఏళ్ళు. స్వర్ణోత్సవాలు జరుపుకుంటున్న ఏడే.

"యాభై ఏళ్ళు ఇక్కడ కూచున్నా బాబూ. ఇప్పుడు మళ్ళీ లేపి, బయల్దేరిన చోటికే పంపిస్తారా?" అంది. ఆవిడ ఏడవలేదు. ఏడిచింది నాంచారయ్యే. సిగ్గేసింది ఆయనకి. తను వాల్చి పట్టుకున్న ఫోను ఈ ముసలామె కొంప మీదకి తెచ్చింది కదా అని కుమిలిపోయాడు.

ఆ రాసేదేదో నిజం రాద్దామని కూర్చుని రెండు పేజీల నివేదిక రాశాడు. గంటలపాలెంలో మలుపు సువార్తమ్మేనని, ఆ ఇల్లే సాక్ష్యమని, రోడ్డుని వంచక్కర్లేదని వివరంగా రాసి పట్టుకెళ్ళాడు. వైకుంఠప్రసాద్‌గారు మొదటి పేజీ సగం చదివారు.

"భావం బాగుంది నాంచారయ్యగారూ. కానీ మనిషి మలుపెలా అవుతుంది? ఈవిడ కుడికా, ఎడమకా? ఏ కిలోమీటరు దగ్గర మొదలై ఏ కిలోమీటరు దగ్గర ముగుస్తుంది? దీన్ని ఎక్కడ నింపమంటారు?" అని నివేదిక వెనక్కి ఇచ్చేశారు.

మంత్రిగారి రాకకి నాలుగు రోజులుందనగా, పొద్దున్నే ఇల్లు కొట్టే యంత్రం వచ్చి సువార్తమ్మ వాకిట్లో నిలబడింది. ఊరు ఊరంతా పోగైంది. భుజంగరావు తెల్లచొక్కా వేసుకొచ్చి ఫలకం ఎక్కడ బాగుంటుందో చూపిస్తున్నాడు. సువార్తమ్మ చెప్పులేసుకుని అరుగు మీద కూర్చుంది. పక్కన బిస్కట్ల డబ్బా. ఎవర్నీ తిట్టడం లేదు. అదే భయం వేసింది నాంచారయ్యకి.

ఏం చెయ్యాలో తోచక, చేతిలో ఉన్న నమూనా ప్రతిని పదోసారి చదువుకుంటున్నాడు. చదువుతూ చదువుతూ పదకొండో కాలమ్ దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ చదివాడు. ఒక్క ఉదుటున యంత్రానికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఆగండి! ఇల్లు ఎందుకు కొడుతున్నారండీ?"

ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ఆయన వేసిన మొదటి ప్రశ్న అది. వైకుంఠప్రసాద్‌గారు నోరు వెళ్ళబెట్టారు. "ఏమిటయ్యా ఇది? మలుపు కోసం!"

"మలుపుకి కారణం ఏమిటండి? పదకొండో కాలమ్ చూడండి. 'కారణం: కట్టడం. కట్టడం పేరు: సువార్తమ్మ ఇల్లు.' మీరు ఇల్లు కొట్టేస్తే మలుపుంటుంది, కారణం ఉండదు. మొన్న రికార్డులో ఉన్నది రోడ్డు మీద లేదని కదండీ ఇంత పని పెట్టుకున్నారు? రేపు మంత్రిగారు కాగితం చేత్తో పట్టుకుని, ఈ రోడ్డు ఎందుకు తిరిగిందయ్యా, సువార్తమ్మగారి ఇల్లేదీ అనడిగితే ఎవరు చెప్తారండీ జవాబు?"

సువార్తమ్మ చప్పున తలెత్తి చూసింది. ఆ ఊళ్ళో ఆవిడ పేరుకి "గారు" చేరడం అదే మొదలు.

వైకుంఠప్రసాద్‌గారు కాగితం లాక్కుని చదివారు. మొహం తెల్లబోయింది. కారణం లేని మలుపు! ఉద్యోగ జీవితంలో అంతటి గండం ఆయన ఊహించలేదు. చేయెత్తి యంత్రాన్ని ఆపించారు.

"జోగారావుగారూ! రికార్డు ప్రకారం ఇల్లు యథాతథంగా ఉండాలి. రోడ్డు దాన్ని కుడివైపు నుంచి చుట్టి రావాలి. సాధ్యాసాధ్యాలు?"

జోగారావు ఇంటి వెనక్కి వెళ్ళి వచ్చాడు. "భేషుగ్గా పడుతుంది సార్. నిమ్మతోటలోంచి వెళ్ళి మళ్ళీ గట్టెక్కొచ్చు. నలభై చెట్లూ, ఒక గేటూ అడ్డం. అంతే."

భుజంగరావు ఎగిరిపడ్డాడు. "నా తోటలోంచా! ఆ గేటు మీద మా తాతగారి పేరు చెక్కించానయ్యా! కుదరదంటే కుదరదు!"

"ఇందులో ధ్రువీకరించింది మీరే కదండీ?" అన్నారు అధికారిగారు శాంతంగా. "మలుపు కుడికి ఉందని, కారణం ఈ ఇల్లేనని స్వహస్తాలతో సంతకం చేశారు."

"చూడకుండా పెట్టానండీ బాబూ!"

"చూడకుండా పెట్టానని లిఖితపూర్వకంగా ఇస్తారా?"

అలా ఇస్తే సర్పంచి పదవి ఊడుతుంది, ఊరు పోయి కుంకుడుపాడులో కలుస్తుంది. భుజంగరావు తెల్లచొక్కా గుండీలు విప్పుకుంటూ ఇంటికెళ్ళిపోయాడు. జనంలో ఎవరో ఈల వేశారు.

మూడు రోజుల్లో రోడ్డు తయారైంది. తిన్నగా వచ్చి, సువార్తమ్మ ఇంటి దగ్గర ఠక్కున కుడికి తిరిగి, మున్సబుగారి పేరున్న గేటు ఉండే చోటు మీదుగా చుట్టి, మళ్ళీ కాలవగట్టెక్కుతుంది. పాత రోడ్డు ముక్క ఇంటికీ కాలవకీ మధ్య మిగిలిపోయింది. బళ్ళు రాకుండా రెండువైపులా రాళ్ళు పాతారు. ఎంచక్కా ఊళ్ళో ఎవరికీ లేనంత వాకిలి వచ్చింది సువార్తమ్మకి, తారు వేసినది. అందులో మిరపకాయలు ఎండబోసింది.

మంత్రిగారొచ్చారు. ఆ సంవత్సరంలో ఏం జరిగిందో చెప్పకుండానే ఆ సంవత్సరం గురించి గంటసేపు మాట్లాడారు. పరదా లాగారు. జనం చప్పట్లు కొట్టారు. వైకుంఠప్రసాద్‌గారికి శాలువా కప్పారు. భుజంగరావుకీ కప్పారు గానీ, ఆయన నిమ్మచెట్ల మొదళ్ళు చూస్తూ కూర్చున్నాడు. కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆ ఇంటి చుట్టూ తిరిగి వెళ్ళిపోయాయి.

అందరూ పోయాక నాంచారయ్య అరుగు మీద కూర్చున్నాడు. సువార్తమ్మ మజ్జిగ తెచ్చింది.

"ఆ నమూనాలో నా పేరు నిజంగా ఉందా బాబూ?"

"ఉంది. మలుపుకి కారణం ఎవరంటే నీ పేరే. రాజధానిలో కంప్యూటర్లో ఉంది. ఇక దాన్ని ఎవరూ మార్చలేరు, మార్చడానికి కాలమ్ లేదు."

ఆవిడ ఎదురుగా తళతళలాడుతున్న ఫలకం వైపు గడ్డం ఎత్తింది.

"మరి దాని మీద ఏం రాశారు?"

ఫలకమూ రోడ్ల శాఖవాళ్ళ ప్రమాదకర మలుపుల బోర్డే కదా, ఒక్క మాటే మార్చారు. నాంచారయ్య చదివి వినిపించాడు. "చారిత్రాత్మక మలుపు. నెమ్మదిగా వెళ్ళుము."

సువార్తమ్మ పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"యాభై ఏళ్ళయినా వీళ్ళకి అదే మాట బాబూ! ఆ రోజు మున్సబుగారూ నెమ్మదిగా అనే అన్నాడు. ఆయన చెప్పాడని నెమ్మదిగా వెళ్ళుంటే, నేనింకా కాలవ అవతలే ఉండేదాన్ని."